త్రవ్వని మడి

గ్రంథాలయపు రజతోత్సవ సభలో పెరటి మడిని గూర్చి ఉపన్యాసమేమని కొందరికి తోచవచ్చును. పుస్తకమునకును పెంటకుప్పకును పొత్తు ఎక్కడిదని హాస్యమాడువారును ఉందురు. పొత్తు కలదు. ఈ ప్రసంగమున వర్ణింపబడు మడికి అడుగుపొర పాత వార్తాపత్రికలే. చదివి ముగిసి, కట్టలు కట్టబడి, మూలగదిలో చెదపురుగునకు అప్పగింపబడిన పత్రికలు లేని గ్రంథాలయము లేదు. వానికి తుదకొక సద్వినియోగము చూపుట ఈ ప్రసంగములోని చిన్న ప్రయోజనము.

పెద్ద ప్రయోజనము వేరు. విశాఖపట్టణపు పరిసరములలో పల్లె యనునది మెల్లమెల్లగా నగరములో కరగిపోయినది. 1933లో ఓడరేవు తెరువబడినది. 1966లో ఉక్కు కర్మాగారమునకై ఆంధ్రదేశమంతట ఆందోళన చెలరేగినది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. దానికై అరువదికి పైగా గ్రామములవారు భూములు విడిచినారు. పొలము దున్నుకొని బ్రతికిన కుటుంబములు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ ప్రాంతముల నిర్వాసిత కాలనీలకు చేరినవి. నాగలి పట్టిన చేతికి నేల లేకపోయినది; మిగిలిన నేలలో నాగలి తిరుగదు. ఇంటి వెనుక నాలుగు చాపలు పరచునంత జాగా ఉన్నచో అదృష్టము. ఆ జాగాయైనను తరచు కంకర, ఇటుకముక్కలు, లారీలు తొక్కిన గట్టినేల. గునపము వేసిన నిప్పురవ్వ లేచునే గాని మన్ను లేవదు. అట్టిచోట వంకాయ, బెండకాయ పండునా అను ప్రశ్నకు సమాధానముగా ఈ విషయము ఎన్నుకొనబడినది. నేలను త్రవ్వకుండ, నేలపైననే క్రొత్త నేలను పొరలు పొరలుగా పేర్చుట ఆ సమాధానము.

ముందుగా ఎర్రనేల స్వభావము తెలియవలెను. విశాఖ చుట్టునున్న మెట్టభూములు చాలవరకు ఎర్రనేలలు. ఇనుప త్రుప్పు వంటి పదార్థము వానికి ఆ రంగు నిచ్చినది. వాన పడినప్పుడు మెత్తబడి, ఎండ తగిలినంతనే పైన పెంకు కట్టుట వీని గుణము. వీనిలో జీవపదార్థము స్వల్పము. చలిదేశములలో రాలిన ఆకు ఏండ్ల తరబడి నేలలో నల్లని పొరయై నిలుచును. ఇచ్చటి వేడికి అది కొలది ఋతువులలోనే చివికి గాలిలో కలసిపోవును. భీమునిపట్టణము త్రోవలోని ఎర్రమట్టి దిబ్బలను చూచినవారికి, కప్పులేని ఎర్ర ఇసుకను వాననీరు ఎట్లు కోయునో వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చట అది వేలయేండ్ల ప్రకృతి శిల్పము, కాపాడుకొనదగిన వింత. పెరటిలో అదే కోత నష్టము.

ఇట్టి నేలను ఏటేట త్రవ్విన ఏమగును? త్రవ్విన దినమున గుల్లబారినట్లు కనబడును. కాని గాలి సోకినందున సూక్ష్మజీవులు ఉన్న కొద్ది జీవపదార్థమును త్వరితముగ తినివేయును. వానపాములు చేసిన సొరంగములు, చచ్చిన వేళ్ళు విడిచిపోయిన సన్నని దారులు, బూజుదారములు పట్టి ఉంచిన మట్టిరేణువుల కూర్పు, అన్నియు చెదరిపోవును. రెండు పెద్దవానలకు ఆ పొడిమన్ను అణగి మునుపటికంటె గట్టిపడును. అడుగున నిద్రించుచున్న కలుపుగింజలు వెలుతురు చూచి మొలకెత్తును. ఆ కలుపు తీయుటకు మరల త్రవ్వవలెను. ఈ చక్రమున తిరుగుచు మనుష్యుడు నేల చెడ్డదని నిందించును.

నేలను గుల్లచేయు పని అసలెవరిదో 1881లోనే చార్లెస్ డార్విన్ తన వానపాముల గ్రంథమున చూపినారు. ఇంగ్లండులోని అనేక ప్రాంతములలో ఎకరమునకు ఏటా పది టన్నులకు పైగా మన్ను వానపాముల దేహముగుండ నడచి పైకి వచ్చునని వారు గణించినారు. ఈ కూలి ఉచితము. అది కోరునవి మూడే: నీడ, తడి, తినుటకు చివికిన ఆకు. ఎండకు మాడు ఉత్త ఎర్రనేలలో ఈ మూడింటిలో ఒకటియు లేదు గనుక అది అచ్చట నిలువదు.

ఇరువదవ శతాబ్దమున ఈ ఆలోచన అనేక దేశములలో వేరువేరుగా మొలచినది. 1943లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫాక్నర్ అను వ్యవసాయ సలహాదారు నాగలిని దూషించుచు ఒక గ్రంథము వ్రాసి పండితులలో పెద్ద కలకలము లేపినారు. అదే దేశమున రూత్ స్టౌట్ అను గృహిణి, దున్నువాడు వేళకు రాకపోవుటచే విసిగి, దున్నకయే నాటి, ఏడాది పొడుగున తోటపై మందముగ ఎండుగడ్డి కప్పి కూరగాయలు పండించినారు. 1955లో ఆ అనుభవమును పుస్తకముగ వెలువరించినారు. దున్నువాడు ఆలస్యము చేసినందున లోకమునకు మేలు కలిగిన సందర్భములు అరుదు, ఇది అందొకటి. ఆస్ట్రేలియాలో ఎస్తర్ డీన్స్ అను తోటమాలి పత్రికలు, పశుగ్రాసము, ఎండుగడ్డి, ఎరువు వరుసగా పేర్చిన మడులను 1970ల దశకమున ప్రచారము చేసినారు. జపానులో మసనోబు ఫుకుఓకా దున్నని వరిచేనిపై గడ్డి వెదజల్లి పండించిన తీరును 1975లో గ్రంథరూపమున తెలిపినారు. 1988లో వారికి రామన్ మెగసెసే బహుమానము లభించినది.

భారతదేశము ఈ వరుసలో వెనుకబడినదని అనుకొనరాదు. 1924 మొదలు 1931 వరకు ఇండోరు పరిశోధనాలయములో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డు, ఆకు, చెత్త, పేడ పొరలుగ పేర్చి ఎరువు చేయు పద్ధతిని రూపొందించినారు. ఈ దేశపు రైతులను, ఈ దేశపు పురుగులను తన గురువులుగ చెప్పుకొనిన దొర ఆయన. విశాఖ మన్యమున పోడు చేయు గిరిజనులు నాగలి లేకయే కొండవాలున బొరిగెతో గుంటచేసి గింజ వేయుట తరతరములుగ ఎరిగినవారే. ఆ పద్ధతిలో నేల తిరుగబడదు. కాని కొట్టిన చెట్టుచేమ కాల్చబడును. కాల్చినప్పుడు బూడిదలో పొటాషు, సున్నము మిగులును. ఆకులోని కర్బనము, నత్రజని మాత్రము పొగయై పోవును. నగరవీధులలో తెల్లవారుజామున ఊడ్చిన ఆకునకు నిప్పుపెట్టువారు చేయుచున్నదియు అదే. పోడు రైతునకు ఆకలి అను కారణమైన కలదు. వీధి చివర మంటకు కారణమేమియు కనబడదు.

పొరలమడికి వలసిన సామగ్రిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. పరదేశ గ్రంథములలో కనబడు లూసర్ను గడ్డి మోపులు గాజువాక సంతలో దొరకవు. దొరకవలసిన పనియు లేదు. ఉత్తరాంధ్రలో ఏ వస్తువు ఏ పొరకు తగునో తెలిసిన చాలును.

అడుగున కలుపును అణచుటకు వార్తాపత్రికలు గాని, అట్టపెట్టెలు గాని, గోనె గాని పనికివచ్చును. చిట్టివలస జనపనార మిల్లు మూతబడినను గోనెసంచి మాత్రము ఇంకను ఇండ్ల అటకలపై కలదు. ఈ కాలపు సంచులలో చాలవరకు ప్లాస్టిక్ నేతవి. అవి చివకవు, పీలికలై మట్టిలో శాశ్వతముగ నిలుచును గనుక వానిని దూరముగ నుంచవలెను. నున్నని రంగుకాగితములును వద్దు. అట్టపెట్టెల టేపు, పిన్నులు తీసివేయవలెను.

దానిపై ముతక పొరకు గోగుపుల్లలు దివ్యమైనవి. నార తీసిన పిదప పొయ్యిలోనికి పోవు ఆ తెల్లని పుల్లలను అంగుళములుగ విరిచి పరచిన గాలియాడుటకు సందులుండును. కొబ్బరిడొక్కలు మరియొక వరము. వానిని గిన్నెవలె వెల్లకిల పేర్చినచో వాననీరు పట్టి రోజుల తరబడి వేళ్ళకు అందించును. కొబ్బరిచెట్ల పాదులలో డొక్కలు పూడ్చు రైతునకు ఈ కిటుకు తెలిసినదే.

నడిమి పొరలకు ఎండుటాకు, పచ్చియాకు, గెత్తము కావలెను. ఎండుటాకులలో మామిడి, జీడిమామిడి ఆకులు తోలువలె మందమైనవి. నలిపి వేయనిచో ఏడాదియైనను చివకవు. సరుగుడు ఆకు నెమ్మదిగ చివుకును గనుక లోపొరకంటె పైకప్పునకును, మడుల నడుమ నడక దారులకును తగును. నీలగిరి ఆకు తైలము కలది, లేత మొక్కలకు మంచిది కాదు. అనకాపల్లి వైపు బంధువులున్నవారు చెరకుచెత్త తెచ్చుకొనవచ్చును. 1913 నుండి నడచుచున్న అనకాపల్లి పరిశోధనాస్థానము నెలకొన్న ఆ సీమలో, చెరకుతోటలో నాటిన పిదప చెత్త కప్పుట తడిని నిలుపుటకును, పీకపురుగును తగ్గించుటకును ఏనాడో సిఫారసైనది. పచ్చియాకులో గిరిపుష్పము, కానుగ, అవిశ, మునగ శ్రేష్ఠములు. చెరువులోని గుర్రపుడెక్కను రెండుమూడు దినములు ఎండబెట్టి వేయవచ్చును. కాని కర్మాగారముల మురుగు చేరు గెడ్డలలోనిది తేరాదు. ఆ మొక్క నీటిలోని లోహవిషములను తనలోనికి లాగికొను స్వభావము కలది. అట్లే కట్టెబూడిద దోసెడు చల్లవచ్చును గాని బొగ్గుబూడిద, కర్మాగారపు బూడిద తోటకు తగవు. ఉప్పుచేపల తుక్కు వేసిన ఉప్పు మిగులును, కుక్కలు మిగులును, మడి మిగులదు.

వరిగడ్డిని గూర్చి ఒక మాట. ఇంట పశువున్నవారు దాని నోటిగడ్డిని మడికి వేయరాదు. గడ్డి ఆవు కడుపుగుండ పోయి గెత్తమై వచ్చుట ఉత్తమము. తడిసి బూజుపట్టి మేతకు పనికిరాని గడ్డి ఉన్నచో అది మడికి న్యాయమైన భాగము.

ఇక పేర్చు విధము. రోజునకు ఆరు గంటలైనను ఎండ తగులు చోటు ఎన్నుకొనవలెను. మడి వెడల్పు 4 అడుగులకు మించరాదు. ఇరువైపులనుండి చేయిచాచిన నడుమకు అందవలెను. ఏలయన ఈ మడిపై ఒకసారి పేర్చిన పిదప కాలు మోపరాదు. పొడవు జాగాను బట్టి. 10 అడుగులనుకొందము. అంచులకు పాత ఇటుకలు, తాటిదుంగలు, వెదురు, ఏది దొరికిన అది.

ఆ చోట ఉన్న కలుపును మొదలంట కోసి అక్కడనే పడవేయవలెను. వయ్యారిభామ పూవుపట్టినది మాత్రము తీసివేయవలెను. నేలను పూర్తిగ తడుపవలెను. లారీలు తొక్కిన నేల నీరు త్రాగక మడుగుకట్టినచో అడుగునకొక చోట గునపముతో పొడిచి విడువవలెను. త్రవ్వరాదను సిద్ధాంతమునకు ఇది కొంచెము భంగమే. కాని నీరు దిగని నేలపై సిద్ధాంతము నిలిచిన వేళ్ళు కుళ్ళును. మట్టిని తిరుగవేయకుండ కేవలము రంధ్రములు చేయుటతో ఆగవలెను.

పిదప పత్రికలు ఎనిమిది పది కాగితముల మందమున, ఒకదాని అంచుపై మరియొకటి అరయడుగు ఎక్కునట్లు పరచి, తడిసి నేలకు అంటుకొనునంత నీరు పోయవలెను. సందు విడిచిన గరిక ఆ సందు వెదకుకొని వచ్చును. తుంగ విషయమున మాత్రము ఎవరును గర్వపడరాదు. దాని మొలక సూదివలె కాగితమును, అట్టను చీల్చుకొని వచ్చును. తుంగ దట్టముగ ఉన్నచోట అట్ట రెండింతలు వేసి, వచ్చిన ప్రతి మొలకను ఒక ఏడాది ఓపికతో పెరుకుచుండిన దుంప బలము తగ్గును.

కాగితముపై గోగుపుల్లలు లేక డొక్కలు 3 అంగుళములు. దానిపై ఎండుటాకు 5 అంగుళములు. దానిపై పచ్చియాకు 2 అంగుళములు. ఆపై చివికిన గెత్తము 1 అంగుళము, పేడనీటి చిలకరింపు. మరల ఎండుటాకు, పచ్చియాకు, గెత్తము అదే వరుసను కొంచెము పలుచగ. ఒక్కొక్క పొరకు నీరు. పిండిన చేతికి ఒకటి రెండు చుక్కలు కారునంత తడి చాలును, అంతకు మించిన కుళ్ళువాసన పుట్టును. అన్నిటిపైన జల్లించిన గెత్తము, మట్టి కలిపి 2 అంగుళములు. అంతయు కలసి అడుగున్నర ఎత్తు కావలెను. అనగా 40 చదరపుటడుగుల మడికి 60 ఘనపుటడుగుల సరుకు. ఈ లెక్క ముందుగ తెలియక మొదలుపెట్టినవారు సగములో ఆకు చాలక ఆగిపోవుట సాధారణము. కావున మాఘ ఫాల్గుణములలో చెట్లు ఆకు రాల్చునప్పుడే సంచులకెత్తి దాచవలెను. పేర్చుటకు మంచి అదను జ్యేష్ఠము, తొలకరికి ముందు. విశాఖలో ఏటా సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. ఆ వాన పడుచుండగ మడి తనంతట చివుకును.

ఎండుటాకును పచ్చియాకును ఇట్లు మార్చిమార్చి వేయుటకు కారణమున్నది. చెత్తను చివికించు సూక్ష్మజీవులకు కర్బనము అన్నము వంటిది, నత్రజని పప్పు వంటిది. ఒక పాలు నత్రజనికి ఇరువదియైదు ముప్పది పాళ్ళ కర్బనమున్న అవి చక్కగ పనిచేయును. వరిగడ్డిలో కర్బనము అంతకు రెండు మూడింతలు. రంపపు పొట్టులో పదింతలకు పైగా. పేడలో, పచ్చియాకులో నత్రజని హెచ్చు. ఉత్త ఎండుటాకు పేర్చినచో సూక్ష్మజీవులు పప్పు చాలక చుట్టునున్న నత్రజనిని తామే లాగికొనును, మొక్కలు పసుపుబారును. అట్లు పసుపుబారిన ఒక పాలు పశుమూత్రమునకు పది పాళ్ళ నీరు కలిపి వారమునకొకసారి పోసిన తేరుకొనును. ఈ పనికే ఆంధ్రదేశమున జీవామృతము వాడుక అయినది. పది కిలోల పేడ, గోమూత్రము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుపిండి, దోసెడు మట్టి 200 లీటర్ల నీటిలో రెండు దినములు పులియబెట్టినది అది. బెల్లమునకు పేరుపడిన అనకాపల్లి ప్రక్కనుండగ బెల్లమునకు కొదువ లేదు. అయితే జీవామృతము మడిలోని ఆకునకు చురుకు పుట్టించునే గాని ఆకునకు బదులు కాజాలదు. ఉత్తనేలపై దానిని పోసి అద్భుతముల నాశించుట తగదు.

మడి ముగిసిన వెంటనే నాటవచ్చునా అని ఆతురపడువారు కలరు. రెండు మూడు వారములు ఆగుట మేలు. లోపలి వేడి తగ్గును. ఆగలేనివారు పొరలలో పిడికెడు గుంటలు చేసి, బాగుగ చివికిన గెత్తము నింపి అందులో వంగ, టమాట, మిరప నారు నాటవచ్చును. బీర, ఆనప, బెండ, చిక్కుడు గింజలు పెట్టవచ్చును. తోటకూర, మెంతి వంటి సన్నగింజలకు పైపొర మెత్తగ జల్లించియుండవలెను. ముల్లంగి మొదటి ఏట వేయరాదు. అడుగు ఇంకను గట్టిగనుండుటచే వంకరలు తిరుగును. చిలగడదుంప, చేమ మాత్రము మొదటి ఏటనే సంతోషముగ పెరుగును. అల్లము, పసుపు మడులపై ఆకు కప్పుట పూర్వమునుండి ఉన్న ఆచారమే గనుక వానికిది పుట్టింటివంటి చోటు. మొక్క జానెడు ఎదిగిన పిదప దాని మొదలు విడిచి చుట్టు ఎండుటాకు కప్పవలెను. సముద్రతీరపు ఉప్పునీటి బావులున్నచోట ఈ కప్పు రెండింతలు అవసరము. ఎండ నేలనుండి నీటిని లాగినకొలది ఉప్పు పైకి తేలును, కప్పు ఆ లాగుడును తగ్గించును.

పొరలమడికి శత్రువులున్నారు. ప్రథమ శత్రువు ఇంటికోడి. ఎవరును త్రవ్వని మడిని అది రెండు గడియలలో త్రవ్విపెట్టును. నాటిన తొలినెల ముళ్ళకంపయో, పాత వలముక్కయో కప్పవలెను. జాలరిపేటలలో చినిగిన వలలు దొరకుట కష్టము కాదు. వర్షకాలమున నత్తలు ఆకుక్రింద దాగి రాత్రివేళ లేతమొక్కలను కొరకును. దీపము పట్టుకొని ఏరుట తప్ప సులభమార్గము లేదు. చెదలు చాలమందికి భయము. గ్రంథాలయమునకు చెదపురుగు వైరి. మడిలో మాత్రము అది ఎక్కువగ చచ్చిన కఱ్ఱనే తినును. తడి నిలిచినంతకాలము బ్రతికిన మొక్క జోలికి పోవుట తక్కువ. అయినను మడిని ఇంటిగోడకు, వాసాలకు ఆనించి పేర్చరాదు. రెండు మూడు అడుగులు ఎడముంచవలెను. వేపపిండి కొంచెము కలుపుట మంచిది.

విశాఖ తీరమున వీనికన్న ముఖ్యమైనది కొబ్బరికి హానిచేయు కొమ్ముపురుగు. అది గ్రుడ్లు పెట్టునది చివుకుచున్న ఎరువుకుప్పలలోనే. తెల్లగ, లావుగ, అర్ధచంద్రాకారమున చుట్టుకొనియుండు దాని పిల్లపురుగులు మడిలో కనబడినచో ఏరివేయవలెను. కొబ్బరితోట నడుమ పొరలమడి పేర్చువారు ఈ కాపలా చేయలేకపోయిన పేర్చకుండుటయే పొరుగువారికి చేయు ఉపకారము.

ఇంత చెప్పిన పిదప రైతులొక ప్రశ్న వేయుట సహజము: పెరటికి సరే, పొలమునకేమి? అడుగున్నర మందమున ఎకరము కప్పవలెనన్న 65 వేల ఘనపుటడుగుల ఆకు కావలెను. ఒక ఎకరము పండించుటకు ఎన్ని ఎకరముల అడవిని ఊడ్చవలెనో ఊహింపవచ్చును. అది వ్యవసాయము కాదు, దోపిడి. పొలమునకు మార్గము వేరు. కప్పు పదార్థమును ఆ పొలములోనే పెంచవలెను. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతు సాధికార సంస్థ ద్వారా ఆరంభించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున, నేల ఏడాది పొడుగున ఏదో యొక పైరుతోనో ఎండుగడ్డితోనో కప్పబడియుండవలెనను నియమమున్నది. తొలకరికి ముందే అనేక జాతుల గింజలు, నవధాన్యములు, పప్పులు, పచ్చిరొట్ట కలిపి ఎండునేలలో చల్లి, పైన పలుచగ గడ్డి కప్పుట అందొక భాగము. మొదటి జల్లులకే అవి మొలచి నేలను కప్పును. 2024లో పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ బహుమానమును పంచుకొనిన ముగ్గురిలో ఈ కార్యక్రమమొకటి. పెరటిమడి చేయునదియు పొలము చేయునదియు ఒకటే: నేలకు నీడ, పురుగునకు మేత. కొలతలు మాత్రము వేరు.

పెరటికి ఆకు చాలదను భయము అక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖ వీధులలో కూలిన చెట్ల కొమ్మ, ఆకు గుట్టలై పడినవి. విద్యుత్తు లేక, నీరు లేక జనులు అల్లాడిన ఆ దినములలో ఆకును ఏరుకొను తీరిక ఎవ్వరికిని లేదు, ఉండవలెనని ఆశించుటయు న్యాయము కాదు. కాని ఏ తుఫాను లేని ఏడాదియందును ప్రతి వీధియొక్క చెట్లు ఫాల్గుణమున ఆకు రాల్చుచునే యున్నవి. ఒక వేపచెట్టు, ఒక కానుగచెట్టు ఉన్న ముంగిలి ఒక చిన్నమడిని పోషించుటకు చాలును. వీధి ఊడ్చువారిని అడిగిన ఎండుటాకు సంచి ఇవ్వనన్నవారు అరుదు. అది వారికి మోతబరువు తగ్గుటయే.

పేర్చిన మడి మూడు నెలలలో సగమునకు అణగును. చూచి నిరాశపడరాదు. ఆ అణగుటయే దాని పని. మొదటి పంట తీసినప్పుడు మొక్కను వేళ్ళతో పెరుకక మొదలంట కోసివేయవలెను. వేరు లోపలనే చివికి దారి విడుచును. కార్తికములో ఆకుకూరలు వేయునప్పుడు పైన 1 అంగుళము గెత్తము చాలును. మరుసటి జ్యేష్ఠమున మరల 2 అంగుళములు గెత్తము, పైన అరచేతి మందమున ఆకు. 40 చదరపుటడుగులకు అది ఏడు ఘనపుటడుగుల లోపు గెత్తము. మొదటి ఏటి శ్రమతో పోల్చిన స్వల్పము, ముసలివారును మోయగలరు. పత్రికలు మరల వేయనక్కరలేదు. రెండవ ఏట చివర కాగితము మచ్చునకును కనబడదు. అప్పుడు అడుగునున్న ఎర్రనేల ఎట్లున్నదో చూడవలెనని ఎవరికైనను గునపము పట్టబుద్ధియగును. గునపము వలదు. వానవెలిసిన మరునాడు మడినడుమ వేలు గ్రుచ్చిచూచిన, మొదటి ఏట రెండు కణుపులవద్ద ఆగిన వేలు ఎంతవరకు దిగుచున్నదో తెలియును. అది మొదలంట దిగిన ఏడు ముల్లంగి గింజలు చల్లవచ్చును.